తెర మీది చుక్క ఎప్పటిది?
సైనిక కమాండ్ - కంట్రోల్ వ్యవస్థలు, వాటికోసం ఇంజనీర్లకు ఇచ్చే శిక్షణ

"నువ్వు చదివిన చదువు గురించి తమ్ముళ్ళకు అర్థమయ్యేలా ఒక వ్యాసం రాయి" అని మన హాస్టల్ వార్షికోత్సవ సంచిక కోసం అడిగినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. నేను చదివింది ఎలక్ట్రానిక్స్‌లో ఎం.టెక్. అందులో నాకు బాగా నచ్చినవి రాడార్లు, వాటి సమాచారంతో నడిచే సైనిక కమాండ్ కంట్రోల్ వ్యవస్థలు. పేరు వినగానే మనకు సంబంధం లేని సంగతి అనిపిస్తుంది. కానీ దాని మొదటి పాఠం నాకు మన హాస్టల్లోనే దొరికింది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక వానాకాలం రాత్రి ఏడో తరగతి తమ్ముడిని పాము కరిచింది. కరెంటు లేదు. వాచ్‌మన్ తాత ఆఫీసు గోడ మీద నల్లరంగుతో రాసి ఉన్న వార్డెన్ గారి నంబరు చూసి ఫోన్ చేశాడు. మూడుసార్లు చేశాడు. ఆ నంబరు వాడుకలో లేదని వచ్చింది. అది బదిలీ అయి వెళ్ళిపోయిన పాత వార్డెన్ గారి నంబరు. ఆ గాభరాలో 108 సంగతి ఎవరికైనా గుర్తొచ్చేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. చివరికి వంటమ్మ వానలో పరుగెత్తుకెళ్ళి ఊళ్ళో ఆటో అన్నను నిద్ర లేపి తీసుకొచ్చింది. తమ్ముడు బతికాడు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు.

"గోడ మీద నంబరు తప్పు" అని అందరం అన్నాం. కానీ అది రాసిన రోజున సరైన నంబరే. తరువాత పాతబడింది. ఎప్పుడు రాశారో గోడ మీద లేదు కాబట్టి అది పాతబడిందని ఎవరికీ తెలియలేదు. ఈ చిన్న విషయం మీద పెద్ద పెద్ద యుద్ధాలు, వందల ప్రాణాలు ఆధారపడి ఉంటాయని చాలా ఏళ్ళ తరువాత క్లాసులో తెలుసుకున్నాను.

ఎం.టెక్.లో మాకు ఒకరోజు విమానదళంలో పనిచేసి రిటైరైన ఒక అధికారి పాఠం చెప్పడానికి వచ్చారు. తెర మీద ఒక చుక్క చూపించి, "ఇది ఒక విమానం. దీని గురించి మీరు మొదట ఏం అడుగుతారు?" అన్నారు. ఎంత ఎత్తు, ఎంత వేగం, ఏ దిక్కు అని తలా ఒకటి చెప్పాం. ఆయన నవ్వి, "అన్నీ మంచి ప్రశ్నలే. కానీ ఈ చుక్క ఎప్పటిది అని ఎవరూ అడగలేదు" అన్నారు. నాకు వెంటనే మన ఆఫీసు గోడ గుర్తొచ్చింది.

కమాండ్ అంటే, కంట్రోల్ అంటే

కమాండ్ అంటే ఆజ్ఞ ఇచ్చే అధికారం, దానితోపాటు వచ్చే బాధ్యత. కంట్రోల్ అంటే ఆ ఆజ్ఞ అమలవుతున్నదో లేదో చూస్తూ, పరిస్థితి మారితే సర్దుబాటు చేయడం. ఈ రెండూ సాగడానికి మనుషులు, నియమాలు, యంత్రాలు కలిసి పనిచేసే ఏర్పాటునే కమాండ్ కంట్రోల్ వ్యవస్థ అంటారు. దీనికి కమ్యూనికేషన్స్, కంప్యూటర్స్, ఇంటెలిజెన్స్, సర్వైలెన్స్, రికనైసెన్స్ కలిపి ఇప్పుడు సి4ఐఎస్ఆర్ అని పిలుస్తున్నారు. పేరు పెరిగినా లోపలి పని ఒకటే.

ఆ పనిని వరుసగా చూద్దాం. రాడారో, ఉపగ్రహమో, సరిహద్దులో నిలబడిన జవానో ఒకదాన్ని చూస్తారు. ఆ సమాచారం రేడియో ద్వారానో, కేబుల్ ద్వారానో ఒక కేంద్రానికి చేరుతుంది. అక్కడ పదిచోట్ల నుంచి వచ్చిన సమాచారాన్ని కలిపి ఒకే చిత్రంగా తయారుచేస్తారు. ఆ చిత్రం తెర మీద కనిపిస్తుంది. అధికారి దాన్ని చూసి నిర్ణయం తీసుకుంటాడు. ఆజ్ఞ వెళుతుంది. ఫలితం మళ్ళీ కేంద్రానికి తిరిగొస్తుంది. అమెరికా విమానదళానికి చెందిన కల్నల్ జాన్ బాయ్డ్ దీన్ని నాలుగు మెట్లుగా చెప్పాడు: చూడడం, పరిస్థితిని అర్థం చేసుకోవడం, నిర్ణయించడం, చేయడం. చేసిన వెంటనే మళ్ళీ చూడడం మొదలు. ఈ చక్రాన్ని శత్రువు కంటే త్వరగా, సరిగా తిప్పగలిగినవాడిదే పైచేయి.

ఆయుధం ఎంత గొప్పదైనా ఈ చక్రంలో ఎక్కడో ఒకచోట తెగితే అది గుడ్డిది అవుతుంది. అందుకే ఈ వ్యవస్థలు తయారుచేసే ఇంజనీర్లకు మామూలు డిగ్రీ చదువుకు పైన ప్రత్యేక శిక్షణ ఇస్తారు.

రంగుల గడియారం

ఈ విద్య పునాదులు కంప్యూటర్లు రాకముందే పడ్డాయి. 1940లో జర్మనీ విమానాలు బ్రిటన్ మీద విరుచుకుపడినప్పుడు బ్రిటన్ దగ్గర తక్కువ యుద్ధవిమానాలే ఉన్నాయి. వాటిని రోజంతా ఆకాశంలో తిప్పుతూ కాపలా పెట్టే స్తోమత లేదు. శత్రువు ఎటు వస్తున్నాడో ముందే తెలుసుకుని, సరిగ్గా అక్కడికే పంపాలి. ఆ పని కోసం ఫైటర్ కమాండ్ అధిపతి హ్యూ డౌడింగ్ ఒక ఏర్పాటు చేశాడు.

సముద్రతీరం వెంట చెయిన్ హోమ్ అనే రాడార్ కేంద్రాలు ఉండేవి. అవి సముద్రం వైపు మాత్రమే చూసేవి. విమానం నేల మీదికి వచ్చాక దాన్ని కనిపెట్టే పని అబ్జర్వర్ కోర్ మనుషులది. రాడార్ కబుర్లన్నీ టెలిఫోన్ ద్వారా లండన్ దగ్గరి బెంట్లీ ప్రయరీలో ఉన్న ఫిల్టర్ గదికి వచ్చేవి. ఒకే విమానాల గుంపును మూడు రాడార్లు చూస్తే మూడు గుంపులు అనుకునే ప్రమాదం ఉంది. వాటిని పోల్చి, ఇది ఒక్కటే అని తేల్చడమే ఆ గది పని. తేల్చిన తరువాతే కింది కేంద్రాలకు పంపేవారు. అక్కడ పెద్ద బల్ల మీద పటం పరిచి ఉండేది. మహిళా సహాయక దళానికి చెందిన యువతులు పొడవాటి కర్రలతో గుర్తులను జరిపేవారు.

ఆ గది గోడ మీద ఒక విచిత్రమైన గడియారం ఉండేది. దాని ముఖాన్ని ఐదేసి నిమిషాల భాగాలుగా చేసి వరుసగా ఎరుపు, పసుపు, నీలం రంగులు వేశారు. కబురు వచ్చినప్పుడు నిమిషాల ముల్లు ఏ రంగు మీద ఉంటే, పటం మీద ఆ రంగు గుర్తునే పెట్టాలి. పైనుంచి చూసే అధికారికి గుర్తు రంగు చూడగానే ఆ సమాచారం ఇప్పటిదా, ఐదు నిమిషాల కిందటిదా, పది నిమిషాల కిందటిదా తెలిసిపోతుంది. పాత రంగు గుర్తులను బల్ల మీద నుంచి తీసేస్తారు. ఎవరినీ ఒక్క మాట అడగక్కర్లేదు.

ఇందులో పెద్ద సాంకేతికత ఏమీ లేదు. ఒక గడియారం, మూడు రంగులు. కానీ సమాచారంతోపాటు దాని వయసు కూడా కనిపించాలన్న నియమం అందులో ఉంది. ఇప్పటి వ్యవస్థల్లో ప్రతి చుక్కకూ సెకండులో వెయ్యో వంతు దాకా సమయం రాసిపెట్టడం వెనక ఉన్నది కూడా అదే నియమం.

ఒకటి బై పది

కంప్యూటర్ వచ్చాక ఈ పనులన్నీ యంత్రానికి అప్పజెప్పాం. మరి యంత్రం లోపలి గడియారమే తప్పితే? ఇంజనీర్ల శిక్షణలో తప్పకుండా చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. లెక్క మీరు కూడా చేయవచ్చు.

1991 ఫిబ్రవరి 25న గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ వదిలిన స్కడ్ క్షిపణి సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో అమెరికా సైనికుల వసతి మీద పడింది. 28 మంది చనిపోయారు. దాన్ని ఆపవలసిన పేట్రియట్ క్షిపణి వ్యవస్థ అక్కడే ఉంది, పనిచేస్తూనే ఉంది. కానీ అది స్కడ్ ఉన్నచోట కాకుండా వేరేచోట వెతికింది.

కారణం చూడండి. ఆ కంప్యూటర్ కాలాన్ని సెకండులో పదో వంతుల్లో లెక్కపెట్టేది. సెకండ్లలోకి మార్చడానికి 0.1తో గుణించేది. మనకు 0.1 చాలా తేలికైన సంఖ్య. కంప్యూటర్‌కు తెలిసినవి సున్నా, ఒకటి మాత్రమే. మనం 1ని 3తో భాగిస్తే 0.3333 అని ఆగకుండా పోతుంది కదా, అలాగే ద్విసంఖ్యామానంలో 0.1 కూడా అంతం లేకుండా సాగుతుంది. ఆ యంత్రంలో 24 బిట్లకే చోటు ఉంది కాబట్టి మిగతాది కత్తిరించారు. అలా పోయింది 0.000000095 మాత్రమే. కానీ ఆ రోజుకు ఆ వ్యవస్థను 100 గంటలకు పైగా ఆపకుండా నడిపారు. 100 గంటల్లో పదో వంతులు 36 లక్షలు. రెంటినీ గుణిస్తే దాదాపు 0.34 సెకండు. స్కడ్ వేగం సెకండుకు సుమారు 1,676 మీటర్లు. అంటే అర కిలోమీటరు పైగా తేడా.

ఇంకా బాధాకరమైన సంగతి ఏమిటంటే, ఎక్కువసేపు నడిపితే తేడా వస్తోందని ముందే తెలుసు. రెండు వారాల కిందటే ఇజ్రాయెల్ నుంచి సమాచారం వచ్చింది. చాలా ఎక్కువసేపు నడపవద్దని వాడేవారికి సందేశం కూడా పంపారు. కానీ చాలా ఎక్కువసేపు అంటే ఎన్ని గంటలో అందులో రాయలేదు. యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెడితే గడియారం సున్నా నుంచి మొదలయ్యేది. దానికి పట్టేది ఒకటిన్నర నిమిషం లోపే. సరిచేసిన సాఫ్ట్‌వేర్ దహ్రాన్ చేరింది ఫిబ్రవరి 26న, అంటే ఒకరోజు ఆలస్యంగా.

ఇందులో ఇంజనీరు నేర్చుకోవలసినవి రెండు. యంత్రాన్ని మనం అనుకున్నట్టే వాడతారని నమ్మకూడదు. కొద్ది గంటలు నడిపి చోటు మార్చే పద్ధతి కోసం చేసిన యంత్రాన్ని ఎడారిలో నాలుగు రోజులు ఆపకుండా నడిపారు. రెండోది, హెచ్చరికలో అంకె ఉండాలి. "ఎనిమిది గంటలకు ఒకసారి ఆపి మొదలుపెట్టండి" అనే ఒక్క వాక్యం ఎంతమందిని కాపాడేదో ఆలోచించండి.

తెర నిజం చెప్పినా

యంత్రం సరిగ్గా పనిచేసినా ప్రమాదం జరగవచ్చు. 1988 జూలై 3న పర్షియన్ గల్ఫ్‌లో అమెరికా యుద్ధనౌక విన్సెన్స్, ఇరాన్ ఎయిర్‌కు చెందిన 655 నంబరు ప్రయాణికుల విమానాన్ని శత్రు యుద్ధవిమానం అనుకుని కూల్చివేసింది. అందులో ఉన్న 290 మందీ చనిపోయారు. ఆ నౌకలో ఏజిస్ అనే అప్పటి అత్యాధునిక వ్యవస్థ ఉంది. తరువాత రికార్డులు తీసి చూస్తే విమానం ఎత్తు పెరుగుతూ వెళుతోందని యంత్రం సరిగ్గానే నమోదు చేసింది. కానీ గదిలో ఉన్నవారిలో కొందరు అది తమ మీదికి దిగివస్తోందని చెప్పారు. కెప్టెన్ అదే నమ్మాడు.

ఎందుకలా జరిగింది? పెద్ద తెర మీద విమానం గుర్తు ఉంది గాని, ఎత్తు పెరుగుతున్నదా తగ్గుతున్నదా అనేది లేదు. దానికోసం చిన్న తెర మీద మారే అంకెలను చూసి మనసులో పోల్చుకోవాలి. అదే సమయంలో సముద్రం మీద చిన్న పడవలతో కాల్పులు జరుగుతున్నాయి. విమానం లేచినప్పటి నుంచి కూలేదాకా గడిచింది దాదాపు ఏడు నిమిషాలే. భయంలో మనిషి తాను ఎదురుచూస్తున్నదే చూస్తాడు. ఎత్తు వివరం పెద్ద తెర మీద కూడా చూపే వీలు ఉండాలని విచారణ నివేదిక సిఫారసు చేసింది. ఒత్తిడిలో మనిషి నిర్ణయం ఎలా తీసుకుంటాడన్న దాని మీద అమెరికా నౌకాదళం 1990లో టాడ్మస్ అనే పరిశోధన కార్యక్రమం ప్రారంభించింది. తెర రూపకల్పన, జట్టు శిక్షణ అప్పటినుంచి ఈ రంగంలో ముఖ్యమైన పాఠాలయ్యాయి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. 1983 సెప్టెంబరు 26 అర్ధరాత్రి దాటాక సోవియట్ యూనియన్ హెచ్చరిక కేంద్రంలో ఉపగ్రహ వ్యవస్థ, అమెరికా ఐదు క్షిపణులు వదిలిందని చెప్పింది. డ్యూటీలో ఉన్న లెఫ్టినెంట్ కల్నల్ స్తానిస్లావ్ పెత్రోవ్ ఇంజనీరింగ్ శిక్షణ పొందినవాడు. ఆ వ్యవస్థ కొత్తదని, దానికి లోపాలు ఉండవచ్చని ఆయనకు తెలుసు. నిజంగా యుద్ధమైతే ఐదింటితో ఎవరూ మొదలుపెట్టరు. నేల మీది రాడార్లు కూడా ఏమీ చూడలేదు. ఆయన అది తప్పుడు హెచ్చరిక అని పైవారికి చెప్పాడు. అదే నిజమైంది. మేఘాల మీద పడిన సూర్యకాంతిని ఉపగ్రహం క్షిపణుల మంటగా పొరబడింది. యంత్రం హద్దులు తెలిసిన మనిషి అక్కడ ఉండడం ఎంత అవసరమో దీనివల్ల తెలుస్తుంది.

శిక్షణ ఎలా ఉంటుంది

ఈ శిక్షణకు ఒక మంచి చరిత్ర ఉంది. 1952లో అమెరికాలోని రాండ్ సంస్థ శాంటా మోనికాలో ఒక వాయురక్షణ కేంద్రానికి నకలు గది కట్టింది. మొదటి ప్రయోగంలో కూర్చోబెట్టింది కాలేజీ విద్యార్థులను. వారికి ఉత్తుత్తి విమానాల రాకపోకలు ఇచ్చి, భారం రోజురోజుకూ పెంచారు. ప్రతి విడత తరువాత ఏం జరిగిందో వారికే చూపించి, ఎక్కడ తప్పు జరిగిందో వారిలో వారే చర్చించుకోనిచ్చారు. యంత్రాలు మార్చకుండానే ఆ జట్లు ఎంతో ఎక్కువ భారం మోయగలిగాయి. దాంతో అమెరికా విమానదళం ఈ పద్ధతిని తన కేంద్రాలన్నింటిలో పెట్టింది. ఆ విభాగమే 1957లో సిస్టమ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అనే వేరే సంస్థ అయింది. సేజ్ అనే తొలి కంప్యూటర్ వాయురక్షణ వ్యవస్థకు ప్రోగ్రాములు రాసింది కూడా వారే. అప్పటికి కంప్యూటర్ డిగ్రీలు ఇచ్చే కాలేజీలు ఎక్కడున్నాయి? వేరే వేరే చదువులు చదివినవారికి పరీక్ష పెట్టి, ఆలోచించే తీరు చూసి తీసుకుని, తామే నేర్పించారు. "మా ఇంట్లో ఎవరూ చదువుకోలేదు, ఇది మనకు వస్తుందా" అనుకునే తమ్ముళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు అమెరికాలో మాంటెరీలోని నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్, బ్రిటన్‌లో ష్రివెన్‌హామ్‌లోని డిఫెన్స్ అకాడమీ వంటి చోట్ల ఈ విద్య నేర్పుతారు. ఉద్యోగంలో ఉన్న ఇంజనీర్ల కోసం కొద్ది రోజుల చిన్న కోర్సులు కూడా ఉంటాయి. ఎక్కడైనా ముఖ్యంగా ఐదు పాఠాలు ఉంటాయి.

మొదటిది సెన్సార్లు, వాటి సమాచారాన్ని కలపడం. దీనికి 1960లో రుడాల్ఫ్ కాల్మన్ చెప్పిన ఫిల్టర్ పద్ధతి పునాది. మన బస్సు ఉదాహరణ చూడండి. ఏడు గంటలకు డిపోలో బయల్దేరిన బస్సు ఏడున్నరకు ఎక్కడుంటుందో మనకు ఒక అంచనా ఉంటుంది. ఇంతలో ఎవరో "చెరువుకట్ట దగ్గర చూశాను" అంటారు. మన అంచనా ఎంత గట్టిది, చెప్పినవాడి మాట ఎంత గట్టిది అని తూచి, రెంటి మధ్య ఒకచోట బస్సు ఉందనుకుంటాం. కాల్మన్ ఫిల్టర్ ఈ తూకాన్నే లెక్కప్రకారం చేస్తుంది.

రెండోది డేటా లింకులు. అమెరికా, నాటో దేశాలు వాడే లింక్-16లో ఒక సెకండును 128 వంతులు చేస్తారు. మెస్సులో వరుస తప్పకుండా ఒకరి తరువాత ఒకరు వడ్డించుకున్నట్టు, ఒక్కో విమానం, ఒక్కో నౌక తనకు కేటాయించిన వంతులోనే మాట్లాడాలి. ఒక్కో వంతు ఎనిమిది మిల్లీసెకండ్ల లోపే. కాబట్టి అందరి గడియారాలూ ఒకటే చెప్పాలి. ఇక్కడ కూడా కాలమే ముఖ్యం.

మూడోది మనిషి, తెర, ఒత్తిడి. నాలుగోది భద్రత: సమాచారం ఎవరూ దొంగిలించకుండా, అబద్ధపు చుక్కలు చొప్పించకుండా, రేడియోను జామ్ చేసినా పని ఆగకుండా చూడడం. ఐదోది పరీక్షించడం. చివర్లో అందరినీ జట్లుగా చేసి ఒక కృత్రిమ యుద్ధం ఆడిస్తారు. మధ్యలో కావాలనే ఒక రాడార్‌ను ఆపేస్తారు, ఒక లింకును తెంపుతారు. తాము గీసిన వ్యవస్థ తమ చేతుల్లోనే ఎలా తడబడుతుందో ఇంజనీరు అప్పుడు చూస్తాడు. తరువాత కూర్చుని తప్పులు చర్చిస్తారు. శిక్షణలో అసలు పాఠం నేర్చుకునేది అక్కడే.

మన దేశంలో

మన విమానదళానికి ఐఏసీసీఎస్ అనే సమీకృత వాయు కమాండ్ కంట్రోల్ వ్యవస్థ ఉంది. సైన్యం వాయురక్షణ కోసం ఆకాశ్‌తీర్ అనే వ్యవస్థ ఉంది. దానికోసం రక్షణ శాఖ 2023 మార్చిలో భారత్ ఎలక్ట్రానిక్స్‌తో 1,982 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. 2025 మేలో జరిగిన ఆపరేషన్ సిందూర్ సమయంలో ఈ రెండు పేర్లూ పత్రికల్లో చాలామంది చదివే ఉంటారు.

మనకు చేదు అనుభవం కూడా ఉంది. 2019 ఫిబ్రవరి 27న కాశ్మీర్‌లోని బుద్గాం దగ్గర మన విమానదళం ఎంఐ-17 హెలికాప్టర్ మన క్షిపణికే కూలిపోయింది. ఆరుగురు విమానదళ సిబ్బంది, నేల మీద ఒక పౌరుడు చనిపోయారు. అది తమ పెద్ద తప్పు అని అదే సంవత్సరం అక్టోబరులో విమానదళ అధిపతి బహిరంగంగా ఒప్పుకున్నారు. తెర మీది చుక్క మనదా, పరాయిదా అన్న ప్రశ్నకు జవాబు ఎంత విలువైనదో ఆ ఏడు కుటుంబాలకు తెలుసు.

శిక్షణ కేంద్రాల్లో కొన్ని మనకు దగ్గర్లోనే ఉన్నాయి. సైన్యంలో ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చే ఎంసీఈఎంఈ సికింద్రాబాద్‌లో ఉంది. సిగ్నల్స్ విభాగం కళాశాల మధ్యప్రదేశ్‌లోని మౌలో ఉంది. విమానదళ అధికారులు హైదరాబాద్ దగ్గరి దుండిగల్ అకాడమీలో శిక్షణ పొందుతారు. సాంకేతిక విభాగం వారు ఆ తరువాత బెంగళూరులోని టెక్నికల్ కాలేజీకి వెళతారు. నౌకాదళం విద్యుత్ విభాగానికి జామ్‌నగర్‌లో ఐఎన్ఎస్ వల్సురా ఉంది. యూనిఫారం లేకుండా పనిచేయాలనుకుంటే డీఆర్‌డీఓ ఉంది. అందులో కమాండ్ వ్యవస్థల మీద పనిచేసే కెయిర్ ప్రయోగశాల బెంగళూరులోను, ఎలక్ట్రానిక్ యుద్ధతంత్రం మీద పనిచేసే డీఎల్ఆర్ఎల్ హైదరాబాద్‌లోను ఉన్నాయి. పుణేలోని డయాట్‌లో ఎం.టెక్. చదవవచ్చు. 2021లో డీఆర్‌డీఓ, ఏఐసీటీఈ కలిసి డిఫెన్స్ టెక్నాలజీలో ఎం.టెక్. ప్రవేశపెట్టాయి. అందులో కమ్యూనికేషన్ సిస్టమ్స్, సెన్సార్స్ ఒక విభాగం.

మనం ఎలా చేరాలి

ఇది చాలామంది తమ్ముళ్ళు అడిగే ప్రశ్న. ఇంటర్‌లో ఎం.పి.సి., తరువాత బి.టెక్.లో ఎలక్ట్రానిక్స్ లేదా కంప్యూటర్స్ తీసుకోవాలి. ఆ తరువాత దారులు మూడు.

ఒకటి గేట్ పరీక్ష. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఫీజు సగమే. మంచి స్కోరు వస్తే స్టైపెండ్‌తో ఎం.టెక్. చదవవచ్చు. డీఆర్‌డీఓ సైంటిస్ట్-బి ఉద్యోగాలకు గేట్ స్కోరు, ఇంటర్వ్యూ చూస్తారు. రెండు, భారత్ ఎలక్ట్రానిక్స్ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు. ఇంజనీర్ల కోసం అవి ప్రకటనలు ఇచ్చి రాతపరీక్ష, ఇంటర్వ్యూ జరుపుతాయి. ఈ రెండు దారుల్లోను మనకు రిజర్వేషన్, వయసు సడలింపు ఉన్నాయి. మూడు, సైన్యంలో టెక్నికల్ ఎంట్రీ, విమానదళంలో ఎఎఫ్‌క్యాట్ ద్వారా అధికారిగా చేరడం. మీ అక్కచెల్లెళ్ళు కూడా అర్హులే. ఇక్కడ రిజర్వేషన్ లేదు. ఐదు రోజుల ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ ఉంటుంది. ఇంగ్లీషు అదరగొట్టడం కంటే పదిమందితో కలిసి పనిచేయడం, మాట మీద నిలబడడం అక్కడ ఎక్కువ చూస్తారు. ఒక గదిలో ఇరవైమందితో సర్దుకుని బతికిన మనకు అది కొత్త కాదు.

ఒక హెచ్చరిక. అసలైన కమాండ్ కంట్రోల్ శిక్షణ మన దేశంలో చాలావరకు ఉద్యోగంలో చేరిన తరువాతే, ఆ సంస్థల లోపలే ఇస్తారు. "మా డిఫెన్స్ కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ" అని వేలకు వేలు అడిగేవారిని నమ్మి మీ నాన్న అప్పు చేయకుండా చూడండి. బయట మనం సంపాదించుకోవలసింది పునాది మాత్రమే: గణితంలో ప్రాబబిలిటీ, మాట్రిసెస్, సిగ్నల్స్, నెట్‌వర్కులు, ఒక ప్రోగ్రామింగ్ భాష బాగా రావడం. వీటికి కావలసిన పుస్తకాలు లైబ్రరీలోనే దొరుకుతాయి.

చివరగా

ఆయుధాలకు పనికొచ్చే చదువు మనకెందుకు అని నన్ను ఒక స్నేహితుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఇది. ఆయుధం ఎలాగూ ఉంటుంది. దాన్ని ఎప్పుడు వాడకూడదో స్పష్టంగా చూపించే పని కూడా ఈ చదువుదే. విన్సెన్స్ తెర మీద ఎత్తు సరిగ్గా కనిపించి ఉంటే ఆ 290 మంది దుబాయి చేరి ఉండేవారేమో. మన రాజ్యాంగం 53వ అధికరణం సాయుధ దళాల అత్యున్నత ఆధిపత్యాన్ని రాష్ట్రపతికి ఇస్తూ, దాని వినియోగం చట్టానికి లోబడి ఉండాలని చెప్పింది. మన స్టడీ హాల్లో ఫోటోలో ఉన్న అంబేద్కర్ గారు అధ్యక్షత వహించిన కమిటీయే ఆ ముసాయిదాను తయారుచేసింది. అధికారానికి హద్దు ఉండాలని ఆయన చెబితే, సమాచారానికి హద్దు ఎక్కడో చూపించడం ఇంజనీరు వంతు. నాకు తెలిసింది ఇంత, తెలియనిది ఇంత, ఇది ఇన్ని నిమిషాల కిందటిది అని యంత్రం చేత నిజాయితీగా చెప్పించడమే ఆ పని.

తమ్ముళ్ళకు ఒక చిన్న పని చెప్పి ముగిస్తాను. మన ఆఫీసు గోడ మీద వార్డెన్ గారి నంబరు, 108, దగ్గరి ఆసుపత్రి నంబరు, ఆటో అన్న నంబరు ఒకచోట రాయండి. కింద తేదీ వేయండి. ప్రతి నెల ఒకటో తారీఖున ఒక విద్యార్థి ఆ నంబర్లన్నింటికీ ఫోన్ చేసి చూసి, తేదీ మార్చాలి. పదో తరగతి వారు వెళ్ళిపోయేటప్పుడు ఆ బాధ్యత తొమ్మిదో తరగతి వారికి అప్పజెప్పాలి. కమాండ్ కంట్రోల్‌లో మీ మొదటి శిక్షణ అదే. సుద్దముక్క ఖర్చు తప్ప ఇంకేమీ అవసరం లేదు.